పట్టుపురుగుల ఇంటి తుమ్మెదలు

మా ఊళ్ళో ఇప్పుడు బీరపూలకు పెళ్ళి చేయడానికి కూలీలను పెడుతున్నాం. వేళాకోళం కాదు. తెనాలి దగ్గర మా తమ్ముడికి ఎకరన్నర బీరపందిరి ఉంది. సాయంత్రం పూలు విచ్చుకునే వేళకు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దుకుంటూ పందిరి కిందంతా తిరుగుతారు. ఒకప్పుడు ఈ పని తుమ్మెదలూ తేనెటీగలూ చేసేవి. ఇప్పుడవి రావు. ఎందుకు రావో మా తమ్ముడికీ తెలుసు, వాడికి పురుగుమందు అమ్మే కొట్టతనికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట మాత్రం ఎత్తరు.

నేను జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పి రిటైరైన మనిషిని. పరాగ సంపర్కం అని బోర్డు మీద రంగు సుద్దలతో బొమ్మలు వేసి ఎన్ని బ్యాచులకు చెప్పానో లెక్కలేదు. ఆ పాఠం మా పందిరి కింద ఇలా కూలిపని అయిపోయేసరికి నాకు ఉక్రోషం వచ్చింది. నాతో పనిచేసిన హిందూపురం ఆవిడకు ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆమె నవ్వి, "మా చిన్నమ్మ పట్టుపురుగుల షెడ్డు నిండా తుమ్మెదలే, తరమలేక చస్తాంది. పోయి చూడు" అంది. చలికాలం మొదట్లో ఒక సంచీ, ఒక నోటుబుక్కు పట్టుకుని బయలుదేరాను. తుమ్మెదలను చూడ్డానికి అంత దూరమా అని మా తమ్ముడు అడిగితే, నువ్వు మిగల్చలేదు కదరా అన్నాను.

హిందూపురం

దిగగానే తట్ట ఇడ్లీ తిన్నాను. మా వైపు నాలుగు ఇడ్లీలు పెడితే ఇక్కడ ఒకటే పెడతారు, చిన్న పళ్ళెమంత ఉంటుంది. మీద వెన్నముద్ద, పక్కన కొబ్బరి చట్నీ, ముప్పై రూపాయలు. హోటలతను నాతో తెలుగులో, వంటమనిషితో కన్నడంలో, ఫోనులో రెండూ కలిపి మాట్లాడుతున్నాడు. నేను ముందే నోటు తీసి పట్టుకుంటే, "దుడ్లు యాడికి పోతాయి మేడం, ముందు కూర్చోని తినండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఊరు నాకు నచ్చేసింది.

తర్వాత పట్టుగూళ్ళ మార్కెట్టుకు పోయాను. తెల్లవీ లేత పసుపువీ గూళ్ళు రాశులు రాశులుగా పోసి ఉన్నాయి. నల్లమాడ వైపు నుంచి వచ్చిన ఒక రైతు తన రాశి పక్కన కూర్చుని బీడీ కూడా లేకుండా ఊరికే ఎదురుచూస్తున్నాడు. నేను వింతగా చూస్తుంటే ఒక గూడు తీసి నా చెవి దగ్గర ఆడించాడు. లోపల గింజ కదిలినట్టు చప్పుడైంది.

"పురుగు ఇంగా లోపలే ఉండాది. రేపో ఎల్లుండో ఉడుకునీళ్ళలోకి పోతాది" అన్నాడు.

మీ తోటలకు పురుగుమందు కొట్టరా అని అడిగాను. ఆయన నన్ను కాసేపు పరికించాడు, ఏ ఊరి మనిషిరా ఈవిడ అన్నట్టు.

"పట్టుపురుగు గూడ పురుగే కదా మేడం. ఇది చెడ్డ పురుగు, ఇది మంచి పురుగని మందుకేం తెలుస్తాది? పక్క చేన్లో కొట్టింది గాలికొచ్చి మల్బరీ ఆకు మీద పడినా చాలు, ఒగ పూటలో పంట పోతాది. మీరు పురుగుల ఇంటికి పోతే సెంటు, పౌడరు పూసుకోని పోవద్దండి. అగరబత్తి వాసనకే తలకాయలు ఎత్తేస్తాయి."

సెంటు వద్దు, పౌడరు వద్దు అని నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను. నాకు అప్పుడు వెలిగింది. పట్టుపురుగును సాకే చోట నాలుగు పక్కలా మందు జాగ్రత్తగా వాడాలి. ఆ జాగ్రత్త నీడన ఎవరూ పిలవని తుమ్మెదలు కూడా బతికేస్తున్నాయి. చీర కట్టుకునేవాళ్ళం మేము, బతికేవి అవి. తమాషాగా అనిపించింది.

లాడ్జిలో దోమలు మాత్రం చలిని లెక్కచేయలేదు. కింద మందుల షాపులో దోమల క్రీము ఒకటి కొనుక్కున్నాను.

నంజమ్మ షెడ్డు

మర్నాడు మడకశిర బస్సెక్కి, దారిలో ఒక చిన్న ఊరి దగ్గర దిగాను. ఫోనులో చెప్పిన చిన్నమ్మ ఈ నంజమ్మే, యాభై దాటి ఉంటాయి. ఇంటాయన బెంగుళూరులో వాచ్‌మన్, నెలకొకసారి వచ్చి పోతాడు. ఎకరం మల్బరీ, దాని అంచున పురుగుల షెడ్డు, అన్నీ ఆమే చూసుకుంటుంది. నన్ను చూడగానే "రా అక్కా, తుమ్మెదల కోసం వచ్చినావంట కదా, కావాలంటే సంచీలో ఏసుకోని పో" అంది.

షెడ్డులోకి పోవాలంటే గుమ్మం ముందు కాళ్ళు చేతులు కడుక్కుని, సున్నం పొడి తొక్కి లోపలికి అడుగుపెట్టాలి. మా ఇళ్ళల్లో దేవుడి గదికి కూడా ఇప్పుడు ఇంత మడి లేదు. లోపల అరలు అరలుగా మల్బరీ కొమ్మలు పరిచి ఉన్నాయి. వాటి మీద వేలెడు పొడవు తెల్లటి పురుగులు, అన్నీ తింటూనే ఉన్నాయి. ఎండుటాకుల మీద మేకలమంద నడుస్తున్నట్టు ఒకటే గలగల. పురుగు చర్మం వదిలేముందు తిండి మాని కదలకుండా పడుకుంటుంది. దాన్ని వీళ్ళు జ్వరం అంటారు. ఈ పురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులైందట. ఇంకో నాలుగైదు రోజులు తింటే పండుతాయి. పండితే వెదురు తట్టల్లాంటి చంద్రికల మీదికి ఎక్కి గూళ్ళు కట్టుకుంటాయి.

"ఎనక రెండు పంటలు పోయినాయక్కా" అంది నంజమ్మ ఆకు వేస్తూ. "ఒగటి ఎండలకు రోగమొచ్చి పోయింది. ఇంగొగటి ఆ పడమటి తట్టు టమాటా పెట్టినోళ్ళు మందు కొట్టినారు, గాలి ఇటు తిరిగింది. ఇది మూడోది. ఇది గూడ పోతే మల్బరీ పెరికేసి నేను గూడ టమాటానే పెడతా. ఊర్లో సగం మంది అదే చేస్తాండారు."

అప్పుడు తలెత్తి చూశాను. పైకప్పు వెదురు బొంగులకు గుండ్రంగా, ఎవరో బరమాతో తొలిచినట్టు రంధ్రాలు. ఒక రంధ్రంలోంచి నల్లటి తల బయటికి వచ్చి మమ్మల్ని చూసి వెనక్కి పోయింది. ఎండ తగిలినచోట రెక్కలు నీలంగా మెరిశాయి. బొంగు బొంగుకూ ఒక కాపురం. నేను చాలా ఏళ్ళుగా ఇన్ని తుమ్మెదలను ఒక్కచోట చూడలేదు. సిగ్గు లేకుండా కళ్ళు తుడుచుకున్నాను.

నంజమ్మ బాధ మాత్రం వేరు. "బొంగులన్నీ పొట్టు పొట్టు చేసినాయి. పొగ పెడదామంటే పురుగులకు పడదు, మందంటే అస్సలు పడదు. ఈయమ్మ మమ్మల్నేం చేయలేదు లేబ్బా అని తెలిసే వచ్చినట్టుండాయి."

మల్బరీ పోతే షెడ్డు పోతుంది, షెడ్డు పోతే ఇవీ పోతాయి. పైగా టమాటా వస్తే వారం వారం మందు. ఆ మూడో పంట పండాలని నంజమ్మ ఎంత కోరుకుందో, ఆ క్షణం నుంచి నేనూ అంతే కోరుకున్నాను.

దాదాపీర్ అనపచేను

మధ్యాహ్నం సంగటి, పితికిపప్పు. అనపగింజలను నీళ్ళలో నానబెట్టి ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పితికితే తొక్క ఊడి పప్పు బయటికి జారుతుంది. నాకూ ఒక గిన్నె ఇచ్చారు. నేను పితికిన మొదటి గింజ గోడకు తగిలింది, రెండోది పిల్లి నోట్లో పడింది. ఆ కూర మా వైపు లేదు, లేకపోవడం మాకు నష్టమే. అనపకాయకు మంచు కురిసిన రోజుల్లో ఒక వాసన పడుతుంది. ఆ వాసన లేకపోతే ఈ ఊళ్ళలో ఎవరూ కొనరట.

ఆ కాయలు పక్కచేనివే. నంజమ్మ మల్బరీకి ఒక గట్టు అవతల దాదాపీర్ అనపచేను ఉంది. షెడ్డు బొంగుల్లోంచి లేచే తుమ్మెదలు నేరుగా ఆ చేనికే పోతాయి. చిన్న తేనెటీగ వాలితే అనపపువ్వు తెరుచుకోదు. తుమ్మెద బరువుకైతే కింది రేక వంగి, లోపలి పుప్పొడి బయటికి వచ్చి దాని పొట్టకు అంటుకుంటుంది. ఇది నేను బోర్డు మీద చెప్పిన పాఠమే. దాదాపీర్ దాన్ని ఒక్క మాటలో చెప్పాడు: "తుమ్మెద కూర్చున్న తట్టు గుత్తి నిండుగా కాస్తాది మేడం."

ఆయన సాయంత్రం వచ్చాడు. షెడ్డుకు పది అడుగుల దూరంలోనే ఆగి, కండువాతో చేతులు తుడుచుకుంటూ పిలిచాడు.

"అక్కా, కాయల్లో పురుగు దిగింది. రేపు పొద్దున్నే మందు కొట్టల్లనుకుంటాండా."

"గాలి ఎటు ఉండాదప్పా?"

"మీ తట్టు నుంచి మా తట్టుకే. అయినా నువ్వు రేపటి ఆకు ఇప్పుడే కోసి పెట్టుకో."

నంజమ్మ సరేనని కొడవలి తీసింది. అంతే. అది ఇక్కడి పద్ధతి. మందు కొట్టేవాడు ముందురోజే పురుగులున్న ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా బయటే నిలబడి చెప్పిపోతాడు. ఇంటివాళ్ళు ఆకు కోసి తడి గోనెపట్టాల కింద దాచుకుంటారు. మా వైపు పక్కవాడి చేనికి మందు కొట్టారని వాసన వస్తేనే తెలుస్తుంది. నాకు ఇద్దరి మీదా గౌరవం పుట్టింది, దాంతోపాటు నోటిదురద కూడా మొదలైంది.

పొద్దున కొట్టకండి, తుమ్మెదలు పూల మీద ఉండే వేళ అది, పొద్దుగూకాక కొడితే అవి గూళ్ళకు చేరుకుంటాయి, పూర్తిగా తప్పించుకోలేకపోయినా నేరుగా మీద పడే మందు తప్పుతుంది అని ఒక పీరియడు క్లాసు తీసుకున్నాను. దాదాపీర్ మొత్తం ఓపికగా విన్నాడు.

"మా నాయన మాపటికే కొట్టేటోడు మేడం. నాకు తెలీక కాదు. స్ప్రేయరు బాడుగది, పొద్దున అయితేనే దొరుకుతాది. సరేలే, మీరు అంత దూరం నుంచి వచ్చి చెప్తాండారు. స్ప్రేయరు ఇచ్చేటాయన్ని అడిగి రేపు మాపటికి కొడతా."

నేను గెలిచానని ఆ రాత్రి నోటుబుక్కులో రాసుకున్నాను. అంతకుముందు, దీపాలు పెట్టిన వేళ, దోమలు కుడుతుంటే చేతులకూ కాళ్ళకూ క్రీము రాసుకున్నాను. తర్వాత నంజమ్మ ఆఖరి మేత వేస్తుంటే నేనూ వేస్తానన్నాను. గుమ్మం దగ్గర చేతుల మీద నీళ్ళు పోసుకుని, సున్నం తొక్కి, ఒక అర చివర రెండు బారల మేర కొమ్మలు పరిచాను. సెంటు లేదు, పౌడరు లేదు. నేను నియమం తప్పలేదనే అనుకున్నాను.

గట్టు మీద

మూడో రోజు పొద్దున్నే అనపచేని గట్టు మీద చేరాను. ఎండ కాస్త ఎక్కగానే తుమ్మెదలు ఒక్కొక్కటే వచ్చాయి. వాటితో పాటు ఆకును గుండ్రంగా కత్తిరించుకుపోయే ఒక చిన్న ఈగ, పొట్ట కింద పసుపు పొడి అంటించుకుని. ఒక్కోదానికి ఒక్కో గీత చొప్పున పుస్తకంలో గీసుకుంటూ పోయాను. కాసేపటికి గీయడం మాని ఊరికే చూశాను. దాదాపీర్ అప్పటికే గోనెసంచి కట్టుకుని కాయలు కోస్తున్నాడు. నేను ఆ రోజు ఉదయం కన్నా సంతోషంగా ఈ మధ్య ఎప్పుడూ లేను.

అప్పుడు నంజమ్మ వచ్చింది. చెప్పులు లేవు. చేతిలో ఒక మల్బరీ ఆకు, దాని మీద నాలుగు పురుగులు. ఒళ్ళు ముడుచుకుపోయి, నోటివెంట పచ్చటి రసం కక్కుతూ, తలలు అటూ ఇటూ ఊపుతున్నాయి.

"ఏమప్పా దాదాపీరూ, కొట్టినావా?"

గొంతు చాలా గట్టిగా ఉంది. దాదాపీర్ సంచి దించాడు.

"లేదక్కా. సీసా మూత గూడ తీయలేదు."

నంజమ్మ ఆయన ముఖం చూసింది. "సరే" అంది. అనేసి ఇక ఆ సంగతి వదిలేసి నా వైపు తిరిగింది. "మళ్ళ ఏమైనట్టక్కా? అన్నీ బాగుండాయి. ఒగే అరలో, ఒగ చివర మాత్రమే ఇట్ల అయినాయి."

చివర అనగానే నాకు తెలిసిపోయింది. చేతులు వాసన చూసుకోవలసిన పని కూడా లేదు. అయినా నేను వెంటనే చెప్పలేదు. నా ఎదుట ఒక తుమ్మెద ఒక పువ్వు మీది నుంచి లేచి రెండోదానికి, మూడోదానికి, నాలుగోదానికి పోయింది. అంతసేపూ నేను, దాదాపీర్ అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని మనసులో అనుకుంటూ నిలబడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ ప్రయాణం గురించి రాయడానికి నాకు అర్హత లేదు.

"నంజమ్మా, ఆ చివర ఆకు వేసింది నేను. చేతులకు దోమల క్రీము ఉంది. నీళ్ళతో కడుక్కున్నాను, అది పోలేదు."

నంజమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఒక్కటే మాట అంది.

"బాటనీ చెప్పినావంట కదక్కా."

గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. మా తమ్ముడికీ, మందుల కొట్టతనికీ, దాదాపీర్‌కీ, అందరికీ పాఠం చెప్పడానికి వెళ్ళిన నేను, పురుగులకు విషం నా చేత్తో పెట్టాను.

ఆ తర్వాత అంతా పనే. నన్ను షెడ్డులోకి రానివ్వలేదు, న్యాయమే. నంజమ్మ ఆ చివరి పురుగులనూ కొమ్మలనూ ఎత్తి బయట పెడితే, దాదాపీర్ దూరంగా గుంట తీసి పూడ్చాడు. మిగిలిన అరల మీద కొత్త ఆకు వేశారు. తింటున్నాయో లేదో మాపటికి గాని తెలియదన్నారు. నేను బయట తొట్టి దగ్గర సబ్బుతో చేతులు రుద్దుకుంటూనే ఉన్నాను.

"నువ్వు పో అక్కా" అంది నంజమ్మ మధ్యాహ్నం. "ఈడుంటే నీకూ మనసు బాగుండదు, నాకూ పని జరగదు. పండితే ఫోన్ చేస్తా."

"పండకపోతే?"

"అప్పుడు గూడ చేస్తా. మల్బరీ పెరికేదానికి మనిషి కావల్ల కదా."

అంత కష్టంలోనూ ఆ మాట అని, నా సంచీలో బొరుగుల పొట్లం కుక్కింది.

పెనుకొండ

పెనుకొండలో కొండ ఎక్కించడానికి ఓబులేసు దొరికాడు. మేకలు కాస్తాడు, తేనె కోసేవాడు. ఇప్పుడు కోయడం మానేశాడట. దారిలో బొరుగుల పొట్లాన్ని కోతి లాక్కుపోయింది. ఓబులేసు దాని వెంట రాయి పట్టుకుని పోయి, ఖాళీ కాగితంతో తిరిగొచ్చి, దాన్ని భద్రంగా నా చేతికిచ్చాడు.

కోటగోడ దాటాక ఒక పెద్ద బండ కింద కొండతేనెటీగల తుట్టెలు రెండు వేలాడుతున్నాయి. ఆ బండంతా పాత తుట్టెలు అంటుకున్న మచ్చలే.

"మా నాయన కాలంలో ఈ బండ కింద నిలబడితే మాట వినపడేది కాదు మేడం, అంత రొద. ఇప్పుడు ఉండేదే రెండు. ఇవి గూడ కోస్తే మీ అట్లాంటోళ్ళు వస్తే ఏం చూపిస్తా?"

బండ కింద నేల మీద తేనెటీగలు పాకుతున్నాయి. ఎగరలేవు. కొన్ని వెల్లకిలా పడి గుండ్రంగా తిరుగుతున్నాయి. దూరంగా మైదానంలో పందిరి కర్రలు నాటిన టమాటా తోటలు కనిపిస్తున్నాయి.

"ఆడ కొట్టిన రోజు ఈడ ఇట్ల పడతాయి. తాగినోళ్ళ మాదిరి తిరిగి తిరిగి చచ్చిపోతాయి" అన్నాడు ఓబులేసు. ఒకదాన్ని ఆకుతో ఎత్తి పొద మీద పెట్టాడు. అది బతకదని ఆయనకూ తెలుసు.

నేను వంగి చూశాను. వణికే కాళ్ళు, ఊగే తల. ముందురోజు నంజమ్మ ఆకు మీద చూసినదే. షెడ్డులో అది నాలుగు పురుగులకు జరిగితే ఒక మనిషి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఇక్కడ ఓబులేసు ఒక్కడే చూస్తున్నాడు. ఆ ఒక్కడైనా ఉన్నందుకు ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను. ఆయన ఇబ్బంది పడి, "దిగుదాం పాండి, ఎండెక్కుతాంది" అన్నాడు.

కొండ కింద దర్గాలో బొట్టు పెట్టుకున్నవాళ్ళూ టోపీ పెట్టుకున్నవాళ్ళూ ఒకే వరుసలో చక్కెర చదివిస్తున్నారు. నేనూ కాసింత చక్కెర కొని ఇచ్చాను. ఏం కోరుకోవాలమ్మా అని లోపలి పెద్దాయన అడిగితే, పట్టుపురుగులు పండాలన్నాను. ఆయన ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు. అక్కడ ఆ మొక్కు కొత్తది కాదనుకుంటాను.

ధర్మవరం

ధర్మవరంలో రెండు రోజులు ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాను. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులను, అంటే మా మరమరాలను, తడిపి తాలింపు పెట్టిన ఆ ఉగ్గాణిని మామూలుగా అయితే రెండోసారి అడిగేదాన్ని. ఆ పూట సగం వదిలేశాను. హోటలావిడ ప్లేటు తీస్తూ, "ఏమమ్మా, ఉప్పు చాల్లేదా?" అని అడిగింది.

నారాయణప్ప అనే నేతగాడు తన మగ్గం గదిలోకి రానిచ్చాడు. గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఆకుపచ్చ అంచుతో ఎర్రచీర నేస్తున్నాడు. నేను మల్బరీ తోటల గురించి, షెడ్డులో తుమ్మెదల గురించి చెప్పాను. పట్టువల్ల ఎన్ని ప్రాణాలు బతుకుతున్నాయో అని కాస్త గొప్పగా కూడా అన్నాను.

నారాయణప్ప చేతులు ఆపలేదు. "బతికేటివి బతుకుతాండాయి మేడం. ఈ పురుగు మాత్రం చచ్చినాకే చీర. అబద్ధమెందుకు?"

నిజమే. నంజమ్మ దాదాపు నెలరోజులు ఈగ వాలకుండా సాకేది వేడినీళ్ళ కోసమే. ఈ లెక్కలో పూర్తిగా మంచివాళ్ళెవరూ లేరు. జాగ్రత్తగా ఉండేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ పక్కన తుమ్మెదలు బతుకుతున్నాయి. ప్రయాణంలో నేను నేర్చుకున్నది ఇంతే. అది చిన్న సంగతి అనిపించలేదు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే స్టేషనులో కూర్చుని ఉండగా ఫోను మోగింది. నంజమ్మ.

"పండినాయక్కా" అంది. "నిన్న అన్నీ చంద్రికలకు ఎక్కినాయి. నీ చెయ్యి పడిన ఆ చివర తప్ప ఒగటి గూడ పోలేదు. మల్బరీ ఉంటాదిలే, పెరికేదానికి నువ్వు రావాల్సిన పని లేదు."

ప్లాట్‌ఫారం మీద పక్కనున్న వాళ్ళు చూస్తున్నా ఏడ్చేశాను. తుమ్మెదలు ఎలా ఉన్నాయని అడిగాను.

"లేచినాయి. ఎన్ని లేచినాయో నీ మాదిరి గీతలు గీసుకోలేదు. దాదాపీర్ నిన్న మాపటికి కొట్టినాడు కదా, రొంత తక్కువే కనపడతాండాయి. కానీ ఉండాయి."

"నిన్ననా? ఆ రోజు సాయంత్రమే కొడతానన్నాడు కదా."

"యాడ కొట్టినాడు? నా పురుగులు ఎక్కేదాకా సీసా ముట్టలేదు. కాయ సగం పురుగు తినేసింది. నేను అడగను గూడ లేదక్కా. ఇదిగో, ఈడే ఉన్నాడు, మాట్లాడు."

దాదాపీర్ ఫోను తీసుకున్నాడు. ఎందుకు ఆగారు, మీకు అంత నష్టం అయింది కదా అన్నాను. అవతల నంజమ్మ ఎవరినో కేకేయడం వినిపించింది.

"ఆ పొద్దు ఆయమ్మ వచ్చి కొట్టినావా అని అడిగింది మేడం. లేదని చెప్పినా. ఒగ మాటకే నమ్మింది. నమ్మినాక, ఆ పురుగులు ఇంట్లో ఉండంగా ఎట్ల కొట్టేది?"

నేను ఆయనకు థ్యాంక్సు చెప్పాను, క్షమించమని కూడా అడిగాను. "మీరు నిజం చెప్పినారు కదా మేడం, ఇంగేముండాది" అన్నాడు.

ఆ గట్టు మీద నిజం చెప్పడానికి నేను ఎంతసేపు తీసుకున్నానో ఆయన ఎదురుగానే నిలబడి చూశాడు. ఆ మాట ఆయన ఎత్తలేదు.